టీవీ కొనే ముందు హాలును కొలవాలి: తెరల రకాలను, చిత్ర నాణ్యతను పోల్చుకునే పద్ధతి

కొన్నేళ్ల క్రితం విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటికి 55 అంగుళాల టీవీ ఒకటి కొన్నాము. షోరూము గోడకు వరుసగా బిగించిన పది పన్నెండు టీవీలలో అదే అన్నిటికన్నా ఎక్కువగా మెరుస్తూ కనిపించింది కాబట్టి, మరో ఆలోచన లేకుండా దానికే డబ్బు కట్టి వచ్చాము. గోడకు బిగించిన రోజు సాయంత్రమే అసలు సంగతి బయటపడింది. మా అమ్మ వంటగది గుమ్మం పక్కన పీట వేసుకుని, దీపారాధనకు వత్తులు చేసుకుంటూ టీవీ చూస్తుంది. ఆ చోటు తెరకు ఎదురుగా కాక బాగా ఎడమ పక్కకు ఉంటుంది. సోఫాలో కూర్చున్న నాకు రంగులు నిండుగా కనిపిస్తుండగానే, ఆమె "ఒరేయ్, అందరి మొహాలకూ విబూది పూసినట్టుందిరా" అంది. లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుని చూస్తే నిజంగా అలాగే ఉంది: పట్టుచీర ఎరుపు వెలిసిపోయింది, నల్లని జుట్టు బూడిద రంగుకు తిరిగింది. టీవీలో లోపమేమీ లేదు. ఆ రకం తెర పక్క నుంచి చూస్తే అలాగే ఉంటుందని, దానిని మా హాలుకు తేవడమే పొరపాటని తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి ఈ విషయాన్ని పట్టుదలగా నేర్చుకున్నాను. గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దమ్మ ఇంటికి, పటమటలో అక్కావాళ్ల ఇంటికి, భవానీపురంలో ఒక స్నేహితుడి ఇంటికి టీవీలు ఎంచినప్పుడు తోడు వెళ్లాను. ఆ మూడిళ్లకూ మూడు వేర్వేరు రకాల తెరలు కుదిరాయి. ఏ రకం గొప్పది అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. హాలులోకి ఎంత వెలుతురు వస్తుంది, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏమి చూస్తారు అన్న మూడింటికి జవాబు దొరికితే తెర రకం దానంతట అదే తేలుతుంది. అందుకే షోరూముకు బయలుదేరే ముందు ఇంట్లో చేయవలసిన పని నుంచి మొదలుపెడుతున్నాను.

ఇంట్లో చూసుకోవలసినవి

మొదటిది వెలుతురు. మన ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు సాయంత్రం ఐదు దాటినా ఎండ తీక్షణంగానే ఉంటుంది, పడమటి కిటికీ ఉన్న హాలులో ఆ ఎండ నేరుగా గోడ మీద పడుతుంది. పాత టీవీని ఆపేసి, సాయంత్రం నాలుగింటికి మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని ఆ నల్లని తెరను చూడండి. అందులో కిటికీ ఊచలను లెక్కపెట్టగలిగితే, రేపు కొత్త టీవీలో వచ్చే ప్రతి బొమ్మ మీదా ఆ ఊచలు ఉంటాయని అర్థం. అలాంటి హాలుకు ఎక్కువ వెలుగునిచ్చే తెరైనా కావాలి, లేదా టీవీని వేరే గోడకు మార్చాలి. రాత్రి దీపాలు తీసేసి సినిమాలు చూసే ఇంటికి ఇదంతా వర్తించదు. అక్కడ వెలుగు కన్నా నలుపు ముఖ్యం.

రెండవది దూరం, కోణం. గోడ నుంచి కూర్చునే చోటి దాకా టేపుతో కొలిచి, ఆ దూరాన్ని అంగుళాలలోకి మార్చి 1.6తో భాగించండి. వచ్చిన అంకె మీకు తగిన టీవీ పరిమాణానికి దగ్గరగా ఉంటుంది. తొమ్మిది అడుగులంటే 108 అంగుళాలు. భాగిస్తే 67 వస్తుంది కాబట్టి 65 అంగుళాల టీవీ సరిపోతుంది. ఏడు అడుగుల పైచిలుకు దూరానికి 55, ఆరు అడుగులకు 43 అంగుళాలు చాలు. తెర మన చూపులో దాదాపు 30 డిగ్రీల వెడల్పు ఆక్రమించాలన్న లెక్క నుంచి వచ్చిన సూత్రం ఇది. ఇది శాసనమేమీ కాదు. వార్తలు, సీరియళ్లు మాత్రమే చూసే ఇంటికి ఇంకాస్త చిన్నదైనా లోటు ఉండదు. తర్వాత, ఇంట్లో రోజూ టీవీ చూసేవాళ్లు కూర్చునే చోట్లన్నీ ఒక కాగితం మీద గీసుకోండి. అందరూ ఎదురుగానే కూర్చుంటారా, ఇరువైపులా దివాన్లు ఉన్నాయా, వంటగది నుంచి చూసేవాళ్లు ఉన్నారా అన్నది ఆ కాగితమే చెబుతుంది. మా ఇంట్లో నేను ఆ కాగితం గీయలేదు.

మూడవది చూసే కార్యక్రమాలు. సెట్‌టాప్ బాక్సులో వచ్చే సాధారణ ఎస్‌డీ ఛానెల్ చిత్రంలో చుక్కలు (పిక్సెళ్లు) 720 నిలువు వరుసలుగా, 576 అడ్డు వరుసలుగా ఉంటాయి. 4కె తెరలో 3840, 2160 ఉంటాయి. గుణించి చూస్తే, ఛానెల్ పంపిన ఒక్కో చుక్కకు తెర మీద సరిగ్గా ఇరవై చుక్కలు ఉన్నాయి. మిగిలిన పందొమ్మిదింటినీ టీవీ లోపలి ప్రాసెసర్ ఊహించి పూరించాలి. అందువల్ల ఎస్‌డీ ఛానెళ్లు ఎక్కువగా చూసే ఇంట్లో పెద్ద 4కె తెర పెడితే బొమ్మ పాత టీవీలో కన్నా మసకగా కనిపించడంలో వింత లేదు. అటువంటి ఇంటికి ఖరీదైన తెర కన్నా ముందు హెచ్‌డీ ఛానెళ్ల ప్యాకేజీ అవసరం.

ఎల్‌సీడీ కుటుంబం

షోరూములో కనిపించే పేర్లు చాలా ఉన్నా మూలంలో రకాలు రెండే: వెనుక దీపం ఉన్న తెరలు, ప్రతి చుక్కా తానే వెలిగే తెరలు. ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ, మినీ ఎల్ఈడీ పేర్లతో అమ్మేవన్నీ మొదటి రకానివే, అంటే ఎల్‌సీడీలే. మామూలు ఇళ్లకు కొనేవాటిలో ఓఎల్ఈడీ మాత్రమే రెండవ రకం. పేరులో ఒకే ఒక్క అక్షరం తేడా ఉన్నందువల్ల ఎల్ఈడీని, ఓఎల్ఈడీని ఒకే జాతి అనుకునేవాళ్లు నాకు ఇప్పటికీ తారసపడుతూనే ఉన్నారు.

ఎల్‌సీడీలో ద్రవ స్ఫటికాల పొర ఒకటి ఉంటుంది. అది తనంతట తాను వెలగదు. వెనుక వెలిగే ఎల్ఈడీ దీపాల కాంతిని ఎంత వదలాలో, ఎంత ఆపాలో చూసుకోవడమే దాని పని. కిటికీ తలుపును ఎంత బిగించి వేసినా సందులోంచి సన్నగా వెలుగు గదిలోకి దిగినట్లే, ఈ పొర పూర్తిగా మూసుకున్నా వెనుక కాంతి కొంత ముందుకు కారుతుంది. ఎల్‌సీడీలో నలుపు ముదురు బూడిద రంగుగా కనిపించడానికి కారణం ఇదే. ఆ సందు ఎంత సన్నగా ఉందన్నదే కాంట్రాస్ట్: తెర చూపగల అతి తెల్లని చోటుకూ అతి నల్లని చోటుకూ మధ్య నిష్పత్తి.

ఈ పొరను తయారుచేసే పద్ధతులలో మనకు కావలసినవి రెండు. వీఏ అనే పద్ధతిలో స్ఫటికాలు గట్టిగా మూసుకుంటాయి. సుమారు 3000కు 1, అంతకన్నా ఎక్కువ కాంట్రాస్ట్ సహజంగానే వస్తుంది. అయితే ఎదురుగా కూర్చున్నవారికే ఆ నిండుదనం. పక్కకు జరిగేకొద్దీ రంగు వెలుస్తుంది. మా అమ్మకు విబూది పూసినట్లు కనిపించింది ఈ తెరే. ఐపీఎస్ అనే పద్ధతిలో దాదాపు 1000కి 1 కాంట్రాస్టే ఉంటుంది కాబట్టి చీకటి గదిలో నలుపు తేలిపోతుంది, కానీ ఎంత పక్క నుంచి చూసినా మొహాల రంగు పెద్దగా మారదు. బ్రాడీపేటలో మా పెద్దమ్మ హాలు చిన్నది, ఇరువైపులా దివాన్లు, పొద్దున్నుంచి రాత్రి దాకా ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. ట్యూబ్‌లైటు వెలుగులో నలుపు లోటు కంటికి ఆనదు, పక్క చూపు లోటు మాత్రం రోజూ ఆనుతుంది. అందుకని ఆ ఇంటికి 43 అంగుళాల ఐపీఎస్ తెర తీసుకున్నాము. ఖర్చు కూడా తక్కువే అయింది.

ఏది వీఏ, ఏది ఐపీఎస్ అన్నది చాలా పెట్టెల మీద రాయరు. ఒకే మోడల్‌లో 43 అంగుళాలకు ఒక రకం, 55కు మరొక రకం వాడే కంపెనీలు కూడా ఉన్నాయి. కాబట్టి పేరును బట్టి నమ్మకుండా, తెర ఎదుట నిలబడి ఒక మొహాన్ని చూస్తూ నాలుగడుగులు పక్కకు నడవండి. మొహం రంగు మీతో పాటే వెలిసిపోతే అది వీఏ. కొన్ని ఖరీదైన వీఏ టీవీలలో చూపు కోణాన్ని పెంచే పొర వేస్తారు. దానివల్ల నలుపు కొద్దిగా తగ్గినా కుటుంబం మొత్తం కూర్చునే హాలుకు అది మంచి రాజీ.

ఇక వెనుక దీపాల సంగతి. చవక టీవీలలో దీపాలు తెర అంచుల వెంటో, వెనుక అక్కడక్కడో ఉండి అన్నీ ఒకేసారి వెలుగుతాయి. మెరుగైన వాటిలో తెర వెనుక అంతటా దీపాలను పరిచి, వాటిని జోన్లుగా విడదీసి, చీకటి ఉన్న చోట ఆ జోనును మసకబారుస్తారు. దీనినే లోకల్ డిమ్మింగ్ అంటారు. ఆవగింజ కన్నా చిన్నవైన దీపాలను వేల సంఖ్యలో పరిస్తే అది మినీ ఎల్ఈడీ. 2019లో టీసీఎల్ సంస్థ ఈ రకం టీవీని బజారులోకి తెచ్చింది. ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీలూ చేస్తున్నాయి. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: జోన్లు ఎన్ని? 4కె తెరలో దాదాపు 83 లక్షల చుక్కలు ఉంటాయి. 500 జోన్లు ఉంటే ఒక్కో జోను కింద పదహారు వేలకు పైగా చుక్కలు పడతాయి. కార్తీక మాసంలో తెల్లవారుజామున కృష్ణలో వదిలిన అరటి దొప్ప దీపం తెర మీద వచ్చిందనుకోండి; వత్తి వెలుగు పాతిక చుక్కలంత ఉన్నా, దాని వెనుక జోను మొత్తం వెలగవలసిందే. అప్పుడు దీపం చుట్టూ నీళ్ల మీద లేని పొగమంచు వలయం ఒకటి కనిపిస్తుంది. జోన్లు పెరిగేకొద్దీ ఆ వలయం చిన్నదవుతుంది. జోన్ల సంఖ్య చెప్పకుండా ఊరికే మినీ ఎల్ఈడీ అని రాసిన చవక టీవీని చూసి తొందరపడకూడదు.

క్యూఎల్ఈడీ అంటే వెనుక దీపానికీ ముందు పొరకూ మధ్య క్వాంటమ్ డాట్లు అనే అతి సూక్ష్మమైన స్ఫటికాల పలక చేర్చిన ఎల్‌సీడీ. అవి నీలి కాంతిని తీసుకుని శుద్ధమైన ఎరుపునూ ఆకుపచ్చనూ ఇస్తాయి. ఈ కణాలను కనిపెట్టి తయారుచేసిన శాస్త్రవేత్తలకే 2023లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతి వచ్చింది. దీనివల్ల రంగులు చిక్కబడతాయి, కుంకుమ ఎరుపుకూ సిందూరానికీ తేడా తెలుస్తుంది. అంతవరకే. నలుపు విషయంలో అది చేయగలిగింది ఏమీ లేదు. ఆ పని లోకల్ డిమ్మింగ్‌దే.

తానే వెలిగే తెర

ఓఎల్ఈడీలో వెనుక దీపం ఉండదు. విద్యుత్తు పారినప్పుడు వెలిగే సేంద్రియ పదార్థంతో ప్రతి చుక్కనూ చేస్తారు. నల్లగా ఉండవలసిన చుక్క ఆరిపోతుంది, అంతే; కారడానికి వెలుగే లేదు. 1987లో కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ఈ పద్ధతిని లోకానికి చూపారు, 2007లో సోనీ 11 అంగుళాల టీవీని అమ్మింది, 2013లో ఎల్‌జీ 55 అంగుళాల తెరను తెచ్చింది. భవానీపురం స్నేహితుడు రాత్రి పిల్లలు పడుకున్నాక దీపాలన్నీ తీసేసి సినిమాలు చూస్తాడు. అతని ఇంట్లో మొదటిసారి ఆ తెర మీద చీకటి సన్నివేశం చూసినప్పుడు టీవీ అంచు ఎక్కడ ముగిసి గోడ ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. పక్క నుంచి చూసినా రంగు వెలవదు, వేగంగా కదిలే బంతి వెనుక తోక కనిపించదు. చీకటి గదిలో చూసే సినిమాకు దీనిని మించిన తెర నేను చూడలేదు.

దీని ఇబ్బందులను కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. తెర మొత్తం తెల్లగా ఉన్న సన్నివేశంలో ఇది మినీ ఎల్ఈడీ అంత వెలుగు ఇవ్వలేదు, ఎక్కువ కరెంటు లాగకుండా తనను తాను తగ్గించుకుంటుంది. రెండవది మరింత ముఖ్యం. సేంద్రియ పదార్థం వాడకంతో అరుగుతుంది. ఒకే చోట ఒకే బొమ్మ వేల గంటలు ఉంటే అక్కడి చుక్కలు మిగతా వాటికన్నా ముందు అరిగి శాశ్వతమైన నీడ మిగులుతుంది. మన తెలుగు వార్తా ఛానెళ్లలో తెర అడుగున కదలని ఎర్రని పట్టీ, మూలన లోగో పొద్దస్తమానం ఉంటాయి. పటమటలో అక్క మామగారు ఉదయం కాఫీతో పాటు వార్తలు పెడితే రాత్రి భోజనం దాకా అదే ఛానెల్ నడుస్తుంది, పైగా వాళ్ల హాలుకు పడమటి బాల్కనీ. ఆ ఇంటికి ఓఎల్ఈడీ వద్దని గట్టిగా చెప్పి, 65 అంగుళాల మినీ ఎల్ఈడీ ఇప్పించాను.

ఓఎల్ఈడీ కొనేవాళ్లు ఇంకొక అలవాటు మార్చుకోవాలి. రిమోటుతో ఆపాక గోడ దగ్గర ప్లగ్గు స్విచ్చి కూడా కట్టేయడం మన ఇళ్లలో పెద్దవాళ్లు నేర్పిన పద్ధతి. అయితే ఈ టీవీ కొన్ని గంటల వాడకం తర్వాత, రిమోటుతో ఆపినప్పుడు, స్టాండ్‌బైలో ఉండి కొన్ని నిమిషాల పాటు చుక్కల అరుగుదలను సరిచూసుకుని సవరించుకుంటుంది. ఆ సమయంలో స్విచ్చి కట్టేస్తే ఆ పని ఎన్నటికీ పూర్తికాదు, నీడలు త్వరగా వస్తాయి. ఉరుములు మెరుపులు ఉన్న రోజున ప్లగ్గు తీయడం సరైనదే; మామూలు రోజుల్లో స్విచ్చి జోలికి పోకూడదు. ఇలాంటి నీడ వారంటీలోకి వస్తుందో రాదో కొనే రోజే కాగితంలో చదివి తెలుసుకోవాలి.

2022లో క్యూడీ-ఓఎల్ఈడీ అనే రకం వచ్చింది. నీలంగా వెలిగే ఓఎల్ఈడీ ముందు క్వాంటమ్ డాట్లను పెట్టడం వల్ల రంగులు మరింత వెలుగుతో వస్తాయి. కానీ పగటి వెలుతురు పడ్డప్పుడు దాని నలుపు కాస్త ఊదా బూడిదగా తేలుతుంది కాబట్టి ఎండ హాలుకు నప్పదు. మైక్రో ఎల్ఈడీ సామాన్య గృహస్థు ధరలో లేదు, ప్లాస్మా తెరల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. వాటి గురించి ఇక్కడ ఆలోచించనవసరం లేదు.

పెట్టె మీది అంకెలు

4కె అన్న మాటకు మనం ఇస్తున్న విలువ దాని అర్హత కన్నా ఎక్కువ. మంచి చూపు ఉన్నవారికి కూడా 55 అంగుళాల తెర మీద ఏడు అడుగులు దాటి కూర్చుంటే ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా పట్టుకోవడం కష్టం. కాంట్రాస్టులో తేడా అయితే పది అడుగుల నుంచి పసిపిల్లలకు కూడా తెలుస్తుంది.

హెచ్‌డీఆర్ అన్నది అన్నిటికన్నా ఎక్కువ అయోమయం కలిగించే మాట. వెలుగు నీడల పరిధిని పెంచి తీసిన చిత్రాన్ని అదే పరిధితో చూపడం దాని ఉద్దేశం. హెచ్‌డీఆర్10, హెచ్‌డీఆర్10 ప్లస్, డాల్బీ విజన్, హెచ్ఎల్‌జీ దానిలోని రకాలు. చవక టీవీ మీద కూడా ఈ ముద్రలన్నీ ఉంటాయి, ఎందుకంటే ఆ సంకేతాన్ని అందుకోగలిగితే చాలు, ముద్ర వేసుకోవచ్చు. అందుకున్న దానిని చూపడానికి వెలుగు కావాలి. వెలుగును నిట్లలో కొలుస్తారు. చవక తెరలు మూడు వందల నిట్ల దగ్గరే ఆగిపోతాయి, లోకల్ డిమ్మింగ్ ఉండదు; వాటిలో హెచ్‌డీఆర్ చిత్రం మామూలు చిత్రం కన్నా మసకగా కూడా కనిపించవచ్చు. కొన్ని చోట్లనైనా 800, 1000 నిట్లు దాటే మినీ ఎల్ఈడీకో, ఓఎల్ఈడీకో ఆ ముద్ర సార్థకం.

రంగుల లోతును బిట్లలో చెబుతారు. 8 బిట్ల తెర ఒక్కో మూలరంగుకు 256 మెట్లు చూపుతుంది, 10 బిట్లది 1024. ప్రకాశం బ్యారేజి మీద నుంచి సూర్యాస్తమయాన్ని చూసిన కళ్లకు నారింజ రంగు ఎక్కడ ముగిసి ఊదా ఎక్కడ మొదలైందో తెలియదు. 8 బిట్ల తెర మీద అదే ఆకాశం మెట్లు మెట్లుగా, అంచులు కట్టినట్లు కనిపిస్తుంది.

హెర్ట్జ్ సంఖ్య తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదో చెబుతుంది. సినిమాలను సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. 60ని 24తో భాగిస్తే శేషం వస్తుంది కాబట్టి, 60 హెర్ట్జ్ తెర ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతి దానిని రెండుసార్లు చూపి సర్దుకుంటుంది. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే సన్నివేశాలలో ఆ తడబాటు సన్నని కుదుపుగా తెలుస్తుంది. 120 హెర్ట్జ్ తెరలో ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఐదుసార్లు వస్తుంది. క్రికెట్ ఇష్టపడే ఇంటికి, పిల్లలు గేములు ఆడే ఇంటికి కూడా 120 మంచిదే. పెట్టె మీద "మోషన్ రేటు" వంటి పేర్లతో ఉన్న పెద్ద అంకెలను పట్టించుకోకండి; ప్యానెల్ (తెర పలక) అసలు రిఫ్రెష్ రేటు, అంటే అసలు హెర్ట్జ్ సంఖ్య, ఎంతని అడగండి.

షోరూములో పరీక్ష

బెంజి సర్కిల్ దగ్గరైనా, గుంటూరు లక్ష్మీపురంలోనైనా షోరూము వెలుతురు మీ హాలు వెలుతురు కాదు. అక్కడి టీవీలు అన్నిటికన్నా ఎక్కువ వెలుగు, ఎక్కువ రంగు ఉండే మోడులో, కంపెనీ తయారుచేసి ఇచ్చిన పూల తోటల వీడియోలతో నడుస్తుంటాయి. ఆ వీడియోలలో చీకటి ఉండదు, మనిషి మొహం అరుదు. కాబట్టి ఒక పెన్‌డ్రైవు మీరే తీసుకువెళ్లండి. ఫోనులో బొమ్మలు గీసే ఏ యాప్‌లోనైనా రెండు బొమ్మలు చేసుకోండి: పూర్తిగా నల్లని దాని మీద చిన్న తెల్లని చుక్క ఒకటి, తెర నిండా ఒకే మధ్యస్థ బూడిద రంగు ఒకటి. వీటికి తోడు మీ ఇంట్లోని పెళ్లి వీడియోలో ఒక ముక్క పెట్టుకోండి. పెళ్లికూతురి మొహం రంగు, చీర రంగు మీకు బాగా తెలుసు. టీవీ వాటిని ఎలా మారుస్తోందో ఇట్టే పోల్చగలరు.

ముందు "తమ్ముడూ, దీన్ని సినిమా మోడులో పెట్టు" అని అడగండి. "సార్, అప్పుడు డల్లుగా కనిపిస్తుంది" అన్న జవాబు వస్తుంది. అయినా పెట్టించండి, పోల్చే టీవీలన్నిటినీ అదే మోడులోకి మార్పించండి. నల్లని బొమ్మలో తెల్లని చుక్క చుట్టూ ఎంత మేర వెలుగు చిందుతోందో చూడండి; దగ్గరలోని దీపాలు ఒకటి రెండు ఆర్పమని అడిగితే ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు. బూడిద బొమ్మలో తెల్ల పంచె మీద నీళ్లు ఎండిన మరకల వంటి చారలు ఉన్నాయేమో వెతకండి. ఈ మరకలు మామూలు సన్నివేశాలలో కనిపించవు. కెమెరా బంతి వెంట పచ్చని మైదానం మీద పరుగెత్తినప్పుడు మాత్రం అద్దం మీది మురికిలా ఒకే చోట నిలిచి కనిపిస్తాయి, ఒకసారి కంటబడితే ఇక ప్రతి మ్యాచ్‌లోనూ అవే కనిపిస్తాయి. తర్వాత పెళ్లి వీడియో నడుస్తుండగా పక్కకు నడిచి చూడండి. చివరగా ఒక ఎస్‌డీ ఛానెల్ పెట్టించండి. ఈ చివరిది ఎవరూ అడగరు, కానీ ప్రాసెసర్ పనితనం బయటపడేది అక్కడే.

ధర మాట్లాడేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. 32 అంగుళాలు మించిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధరల పట్టికతో లెక్క చెబితే ఆ తేడా అడగండి.

ఇంటికి తెచ్చాక

మొదటి వారంలోనే బూడిద బొమ్మను మళ్లీ పెట్టి చూసుకోండి, ఎందుకంటే షోరూములో చూసిన టీవీ, పెట్టెలో వచ్చిన టీవీ ఒకటి కావు. ఒకే మోడల్‌లో కూడా ప్యానెల్‌కు ప్యానెల్‌కు తేడా ఉంటుంది. మార్చి ఇచ్చే గడువు ముగిశాక మరకలు చూపిస్తే వినేవారు ఉండరు.

తర్వాత సెట్టింగులు. సినిమా మోడు గానీ ఫిల్మ్‌మేకర్ మోడు గానీ పెట్టండి. షార్ప్‌నెస్‌ను సున్నాకు దగ్గరగా దించండి. అది కొత్త వివరాలను తేదు, ఉన్న అంచుల చుట్టూ తెల్లని గీత గీస్తుంది. కదలికను నునుపు చేసే సౌకర్యం ప్రతి కంపెనీకి ఒక్కో పేరుతో ఉంటుంది. లేని ఫ్రేములను అది మధ్యలో పుట్టిస్తుంది కాబట్టి సినిమా కాస్తా స్టూడియోలో తీసిన సీరియల్‌లా కనిపిస్తుంది. సినిమాలకు దానిని ఆపండి, క్రికెట్‌కు కావాలంటే కొద్దిగా ఉంచండి. రంగు ఉష్ణోగ్రతను వార్మ్‌కు మార్చండి. మొదటి రోజు తెర పసుపు తిరిగినట్లు అనిపిస్తుంది, ఇంట్లో అందరూ అభ్యంతరం చెబుతారు. రెండు మూడు రోజులు ఓపిక పట్టమనండి. చిత్రాన్ని తయారుచేసేవారు ప్రమాణంగా తీసుకునే తెలుపు, 6500 కెల్విన్ల దగ్గరిది, దాదాపు అదే. కళ్లు అలవాటు పడ్డాక పాత నీలి తెలుపు పెడితే మొహాలు చలికి బిగిసినట్లు ఉంటాయి. పగటికి వెలుగు ఎక్కువగా ఒక మోడును, రాత్రికి తక్కువగా మరొక మోడును సిద్ధం చేసుకుంటే రోజూ సర్దుకునే పని తప్పుతుంది.

ఇప్పటికే హాలుకు కుదరని తెర కొన్నవాళ్లకు కూడా దారి ఉంది. ఎండ హాలుకు మందపాటి పరదా వేస్తే కొత్త టీవీ ఖర్చు తప్పవచ్చు. చీకటి గదిలో ఐపీఎస్ నలుపు తేలిపోతుంటే టీవీ వెనుక గోడ మీద పడేలా ఒక చిన్న తెల్లని దీపం పెట్టండి. ఆ వెలుగు పక్కన తెర నలుపు మరింత చిక్కగా కనిపిస్తుంది. మా ఇంట్లో గోడకు బిగించిన స్టాండు తీయించి, ముందుకు లాగి పక్కకు తిప్పగలిగే చేయి ఉన్న స్టాండు వేయించాము. బిగించే ముందు టీవీ వెనుక నాలుగు రంధ్రాల మధ్య దూరాన్ని, స్టాండు మోయగల బరువును సరిచూడాలి, గోడలో ఇటుక గట్టిగా ఉన్న చోటే మేకులు పడాలి. ఇప్పుడు సాయంత్రం సీరియల్ వేళకు తెరను గుమ్మం వైపు తిప్పుతాము. మా అమ్మ పీట మాత్రం అక్కడే ఉంది.